నూనె పెట్టని షట్టరు

డైనింగ్ టేబుల్ మీద పాత టవలు పరిచి, నా కోడలు ఆ కెమెరా మూతి విప్పింది. లోపల ఏదో బంక పట్టేసి ఉందని, పెట్రోలు తడిపిన దూదితో రుద్ది, ఆ దూదిని ఆరనిచ్చి వాసన చూసింది. మొహం అదోలా పెట్టింది.

"అత్తయ్యా, ఇందులో నూనె ఎవరు పోశారు?" అంది.

"కెమెరాలో నూనె ఎవరు పోస్తారే? మతి ఉండే మాట్లాడుతున్నావా?" అన్నాను. అంటూనే ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కన పడేసి, ఆ దూది లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నేను నూనె కొట్టులో పుట్టినదాన్ని. కళ్ళకి గంతలు కట్టి ఆముదం, కొబ్బరి, వేరుశనగ ఏది దగ్గర పెట్టినా చెప్పేస్తాను. ఇది నువ్వుల నూనె. ముదిరి, కనరెక్కి, ఎన్నేళ్ళదో అయిపోయిన నువ్వుల నూనె.

బొబ్బిలిలో మా పుట్టింటి కొట్టు, దాని వెనకాల ఇల్లు, రెండూ రోడ్డు వెడల్పులో పోతున్నాయి. మా తమ్ముడు అటక మీది సామాను దింపిస్తుంటే ఒక బిస్కట్ల రేకు డబ్బాలో ఈ కెమెరా దొరికింది. మా కోడలికి రీలు కెమెరాల పిచ్చి అని తెలుసు కాబట్టి విజయనగరం పంపించాడు. ఈ పిల్ల ఫోనులో వీడియోలు చూసి, బిగుసుకుపోయిన షట్టర్లు విప్పి తుడవడం నేర్చుకుంది. ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో భోజనాలు వరండాలోనే, టేబుల్ నిండా మరమేకులే.

"ఇలా చూడండి" అని భూతద్దం చేతికిచ్చింది. గాజు వెనకాల ఒకదాని మీద ఒకటి వాలే సన్నటి ఉక్కు రేకులు. వాటి మీద బెల్లం పాకంలా ఎర్రటి జిగురు. "ఈ రేకులు పొడిగా ఉండాలి అత్తయ్యా. పళ్ళచక్రం ఇరుసుకి సూది మొనతో కాస్త గడియారం నూనె తాకిస్తారు, అంతే. రేకుల మీదకి నూనె వచ్చిందంటే అతుక్కుపోతాయి. తెరుచుకున్నవి సమయానికి మూసుకోవు. వెలుగంతా లోపలికి పోయి రీలు మొత్తం మాడిపోతుంది."

రీలు మొత్తం మాడిపోతుంది! మా తాత ఫోటో మా చిన్నాన్న అజాగ్రత్త వల్ల పోయిందని మేమంతా నమ్మాం. ఆ ఒక్క నేరానికి ఆయన ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. నిన్నటిదాకా నేనూ అదే నమ్మాను. మరి ఈ నూనె ఏమిటి, ఓరి దేవుడా?

కుర్చీలో కూలబడ్డాను. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. తాగాను కానీ ఆ వాసన మాత్రం ముక్కు వదలలేదు.

మా ఇంట్లో నూనె తగలని వస్తువు ఉండేది కాదు. తలుపు బందులు, నూతి గిలక, కుట్టుమిషను, దూడ కొమ్ములు, మా నెత్తులు, మా చెవులు, మా బొడ్లు, అన్నిటికీ నూనే. ఆ శాఖకి అధిపతి మా మామ్మ, అంటే మా నాన్న తల్లి. చిన్నపిల్లలకి ఆముదం పట్టే వెండి ఉగ్గుగిన్నె ఒకటి ఆవిడ చేతిలో ఎప్పుడూ ఉండేది. దానికి పిచ్చుక ముక్కులాంటి సన్నటి మూతి. ఎక్కడ కిర్రుమన్నా, ఎవరు కుయ్యిమన్నా, మామ్మ ఆ గిన్నెతో ప్రత్యక్షం. కడుపునొప్పి అంటే బొడ్లో చుక్క, నిద్ర రాలేదంటే మాడు మీద చుక్క. ఒకసారి పక్కింటావిడ తన గుమ్మం ముందు మొగుడితో గొంతెత్తి పోట్లాడుతుంటే, "దాని గొంతుకలో కూడా ఓ సుక్క ఎయ్యాల" అంది మామ్మ, నిజంగానే గిన్నె పట్టుకుని లేవబోతూ.

ఆదివారం తలంటు అంటే మాకు ప్రాణసంకటం. నేను వెళ్ళి గానుగ కొట్టంలో తెలగపిండి బస్తాల వెనకాల దూరేదాన్ని. అక్కడ వేడివేడి తెలగపిండి వాసన, ఎద్దు వాసన, కొత్త నూనె వాసన కలిసి కమ్మగా మత్తుగా ఉండేది. దాక్కునేదాన్ని ఊరికే దాక్కోకుండా ఉట్టి మీది చిమ్మిలి ఉండ ఒకటి పట్టుకుపోయి కొరుక్కునేదాన్ని. మామ్మ చీమల వరస చూసుకుంటూ వచ్చి జుట్టు పట్టుకునేది. "నాకొద్దు మామ్మా" అని ఏడ్చేదాన్ని. "వొద్దన్నోలికే ముందు పెట్టాల. నూనె కావాలని ఏ గుంటైనా అడిగినాదేటి?" అనేది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీని పని ముందుంది.

చిన్నాన్న మా నాన్నకి తమ్ముడు. పెళ్ళి కాలేదు. కొట్లో కూర్చోబెడితే తూనిక మరిచిపోయి వీధిలో పోయే ఎండని చూస్తూ కూర్చునేవాడు. బదిలీ మీద ఊరు విడిచి వెళ్ళిపోతున్న ఒక రైల్వే గార్డు, తాను వాడటం మానేసిన మడత కెమెరా ఒకటి ఈయన చేతిలో పెట్టి పోయాడు. మీట నొక్కితే ముందుకు తోలు తిత్తి సాగేది, తిత్తి చివర గాజు కన్ను. ఇక చిన్నాన్నకి లోకం అక్కర్లేకపోయింది. వీణలు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళి పనస దుంగ దగ్గర నుంచి తీగెలు బిగించేదాకా అన్నీ తీసుకొచ్చాడు. మా అమ్మ అట్లు పోస్తుంటే తీశాడు. తిడుతుంటే కూడా తీశాడు.

ఆ కెమెరాకి ఒక జబ్బు ఉండేది. గానుగ దుమ్ము లోపలికి పోయి షట్టరు పట్టేసేది. అప్పుడు చిన్నాన్న వెనక వరండాలో మామ్మ పాత చీర పరిచి, వంటింట్లోంచి పోపుల డబ్బా పట్టుకొచ్చేవాడు. ఆవాలు, మెంతులు, జీలకర్ర కాగితాల్లో పొట్లాలు కట్టి, ఆ గిన్నెల్లో విప్పిన వరసలో మరమేకులు వేసేవాడు. ఒకసారి మా అమ్మ చూసుకోకుండా పులుసులో పోపు వేసింది. నాన్న పంటి కింద మరమేకు పడింది. అంత రభస జరిగినా చిన్నాన్న అడిగిన మాట ఒక్కటే: "అది ఏ గిన్నెలోదో సెప్పు వదినా, ముందు ఆనవాలు దొరకాల."

లారీ షెడ్డు నుంచి తెచ్చిన తెల్ల పెట్రోలుతో, దూదితో ఆ రేకులు తుడిచి, నోటితో ఊదకుండా రబ్బరు బుడ్డితో గాలి కొట్టేవాడు. మామ్మ స్తంభానికి ఆనుకుని చూసేది. ఎండిపోయిన ఆ కన్ను చూస్తే ఆవిడ చెయ్యి దురద పెట్టేది.

"ఏటైందిరా దానికి?"

"షట్టరు పట్టీసినాదే అమ్మా."

"ఓ సుక్క నూనె ఎయ్యరాదేటిరా? పాపం పొడారిపోయున్నాది."

"దానికొద్దే అమ్మా" అని నవ్వేసేవాడు చిన్నాన్న. వద్దన్నాడు గానీ, ఎందుకు వద్దో విప్పి చెప్పలేదు. మామ్మకి వద్దనడం అంటే ఏమిటో మీకు ఇందాకే చెప్పాను.

అలా ఆవిడ చెవికి షట్టరు అంటే ఆ కెమెరా కన్ను. ఇంకో షట్టరు లోకంలో ఉందని ఆవిడకి తెలియదు.

ఆ ఎండాకాలంలోనే మా కొట్టుకి చెక్క పలకల తలుపులు తీసేసి, పైకి చుట్టుకునే ఇనప షట్టరు పెట్టించారు. మా వీధిలో అదే మొదటిది. జనం వచ్చి చూసి పోయేవారు. లాగితే గడగడమని దిగేది, మేం దాని కింద నుంచి దొర్లి అవతల పడేవాళ్ళం. ఆడవాళ్ళు కొట్టు ముందుకి వచ్చే అలవాటు లేదు కాబట్టి మామ్మ దాన్ని ఇంటి లోపలి నుంచే చూసి, "సుట్ట తలుపు" అని పేరు పెట్టింది. చివరిదాకా ఆవిడకి అది చుట్ట తలుపే. నాన్న, గుమాస్తా, ఊరంతా షట్టరు అన్నారు. ఈ రెండు షట్టర్ల సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. తడితే ఎంత బాగుండేది!

ఇక తాత సంగతి. ఫోటో తీస్తే ఆయుష్షు తరిగిపోతుందని ఆయనకి భయం. చిన్నాన్న కెమెరా ఎత్తితే చాలు, కండువా మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. బతిమాలగా బతిమాలగా ఒకరోజు అన్నాడు:

"ముందు గానుగెద్దుని తియ్యి. అది బతికి బట్టకడితే అప్పుడు సూద్దాం."

మేం పడీపడీ నవ్వాం. చిన్నాన్న నవ్వకుండా ఎద్దుని తీశాడు. అది కదులుతుంటే తాతే పక్కన నిలబడి పలుపు పట్టుకున్నాడు, ఫోటోలో పడకుండా మొహం అవతలికి తిప్పుకుని. ఎద్దు చావలేదు సరికదా, ఆ ఏడు ఇంకాస్త ఒళ్ళు చేసింది. తాత రోజూ దాని డొక్కలు తడిమి చూసేవాడు. ఆఖరికి, "సరే, రేపు పొద్దున్న తియ్యి" అన్నాడు.

ఇల్లంతా పండగ. మామ్మ పెట్టెలోంచి జరీ కండువా తీసి ఎండలో వేసింది. ఆ సాయంత్రమే నాన్న కొట్టుకి వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ లోపలికి కేకేశాడు. నేను అక్కడే గచ్చు మీద గవ్వలాడుతున్నాను. ఆ కేక ఇప్పటికీ చెవిలో ఉంది.

"అమ్మా, షట్టరు పట్టీసినాది. కాస్త నూనె పెట్టించు."

"పెడతాన్లే నాయనా" అంది మామ్మ. ఆ గొంతులో ఎంత సంతోషమో! చిన్నవాడు వద్దన్నా పెద్దవాడైనా తన మాట ఒప్పుకున్నాడని కాబోలు.

దీపాలవేళ నేను నీళ్ళు తాగడానికి వెళ్తే, చిన్నాన్న గదిలో కిటికీ అరుగు మీద కెమెరా, దాని పక్కన ఉగ్గుగిన్నె ఉన్నాయి. మా తమ్ముడు అప్పటికి పసివాడు. వాడికి ఆముదం పట్టి అక్కడ పెట్టారనుకున్నాను. అంతకన్నా ఏమనుకుంటాను?

మర్నాడు పొద్దున్న వాకిట్లో కుర్చీ వేశారు. తాత జరీ కండువాతో కూర్చుని ఊపిరి బిగబట్టాడు. చిన్నాన్న మీట నొక్కాడు. టిక్కుమంది. "అయిపోనాదా?" అన్నాడు తాత, పెదవులు కదపకుండా. "ఇంకోటి నాన్నా." మామ్మని కూడా పక్కన కూర్చోబెట్టారు. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. మామ్మ సిగ్గుపడి తల వంచేసుకుంటే తాతే ఆవిడ గడ్డం పట్టుకుని, "ఇటు సూడే, మళ్ళీ తీస్తాడో తియ్యడో" అన్నాడు. అందరం ఘొల్లుమన్నాం. మా అందరితో ఇంకోటి తీశాక తాత లేచి, తన డొక్కలు తాను తడుముకుని, "బతికే ఉన్నాన్రోయ్" అని అరిచాడు.

వారం తిరగలేదు. మధ్యాహ్నం పెరుగన్నం తిని కొట్లో నువ్వుల బస్తాకి ఆనుకుని కూర్చున్న మనిషి అలాగే ఒరిగిపోయాడు. వడదెబ్బన్నారు. అప్పటికి రీలు ఇంకా కెమెరాలోనే ఉంది.

పెద్దకర్మ నాటికి పటం కట్టించాలి. ఏడుస్తూనే చిన్నాన్న రీలు కడగడానికి నీళ్ళగది కిటికీకి దుప్పట్లు కట్టి లోపలికి వెళ్ళాడు. మేమంతా బయట కూర్చున్నాం. తలుపు తీసుకుని వచ్చాడు. చేతిలో రీలు వేలాడుతోంది. ఈ చివర నుంచి ఆ చివరికి కాటుక పూసినట్టు నలుపు. అందులో తాతా లేడు, మామ్మా లేదు, మేమూ లేం.

"తలుపు సందులోంచి ఎలుతురు పోయుంటాది! ఒక్క పనైనా మనసు పెట్టి సేసినావేట్రా నువ్వు ఈ జన్మలో?" అని నాన్న ఆయన మీద విరుచుకుపడ్డాడు.

చిన్నాన్న గదిలోకి వెళ్ళి కెమెరా తెచ్చి వరండాలో కూర్చుని దాని మూతి విప్పాడు. నేను స్తంభం పక్కనే ఉన్నాను. లోపలికి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి మామ్మ వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ మూతి బిగించేశాడు.

"నా వల్లే పోనాది" అన్నాడు.

మామ్మ గోడకి ఆనుకుని ఉంది, కళ్ళలో నీళ్ళు లేవు. "మనిషినీ తీసుకుపోనాది నీ డబ్బా, మొకాన్నీ తీసుకుపోనాది. ఇంక నా కంటికి కనపడకు" అంది. అయ్యో, ఆ మాట అనకుండా ఉండాల్సింది మామ్మా!

చిన్నాన్న కెమెరాని బిస్కట్ల డబ్బాలో పెట్టి అటక మీదకి తోసేసి, అన్నం తినకుండా, సాలూరు పోయే లారీ ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత తాత పటం కోసం కొట్టిన మేకు ఖాళీగా ఉండకూడదని ఎద్దు ఫోటోకే పటం కట్టించారు. పలుపు పట్టుకున్న చెయ్యి ఒక్కటి పడింది అందులో, ఉంగరంతో సహా. మామ్మ ఆ చేతికి బొట్టు పెట్టి పటానికి దండ వేసేది. కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, "వీళ్ళు ఎద్దుకి మొక్కుతారేటి?" అని నవ్వేవారు. ఊళ్ళో మా మీద ఇంకో వేళాకోళం కూడా ఉండేది. నూనె కొట్టు షట్టరుకి నూనె లేదని! నిజమే. మా షట్టరు ఎత్తినా దించినా ఆ వీధంతా చెవులు మూసుకునేది. మామ్మ దానికి నూనె పెట్టనిచ్చేది కాదు. ముసలిదాని చాదస్తం అనుకున్నాం.

ఇదంతా నా కోడలికి చెప్పాను. అది టవలు అంచు మెలిపెడుతూ విని, "చిన్నతాతయ్యగారు ఉన్నారు కదా అత్తయ్యా?" అంది.

ఉన్నాడు. సాలూరులోనే పెళ్ళి చేసుకుని స్థిరపడ్డాడు, ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాడు. నాన్న పోయాక నేనే రాకపోకలు మొదలుపెట్టాను. పెళ్ళిళ్ళకి, పేరంటాలకి కలుస్తూనే ఉన్నాను. కానీ ఆ రీలు ఊసు ఏనాడూ ఎత్తలేదు. ఎత్తితే ఆయన తప్పు ఎత్తి చూపినట్టవుతుందని నా గొప్ప మర్యాద! మర్నాడే కారెక్కాం.

సాలూరులో ఆయన నడిపిన స్టూడియో ఎప్పుడో మూసేశారు. ఒకప్పుడు కొత్త లారీ కొన్న ప్రతివాడూ దండ వేసి, దాని ముందు నిలబడి ఆయన చేత ఫోటో తీయించుకునేవాడు. ఇంటి ముందుగదిలో ఆయన పనిబల్ల మాత్రం అలాగే ఉంది. చిన్నాన్న కళ్ళజోడు సవరించుకుని, నేను బల్ల మీద పెట్టిన కెమెరా చూశాడు. ముట్టుకోలేదు.

"ఇదెక్కడ దొరికినాదే?"

"అటక మీద. సిన్నాన్నా, ఇందులో నూనె ఉంది." పుట్టింటి మనుషుల దగ్గర నా నాలిక దానంతటదే ఆ వైపు తిరిగిపోతుంది.

"ఉంటాది" అన్నాడు, తాపీగా.

"నీకు తెలుసేటి?"

"ఆ రోజే తెలుసు. వాసన రాదేటి? నానూ ఆ కొట్లోనే పుట్టినాను కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. "మరి నోరు మూసుకుని ఎందుకున్నావు? అందరి చేతా మాటలు పడి, ఇల్లొదిలీసి! అది పెట్టింది ఎవరో కూడా నీకు..."

"ఆ ఇంట్లో ఉగ్గుగిన్నె ఎవరి సేతిలో ఉండీది?" అని అడ్డం వచ్చాడు. "సెప్తే ఏటయ్యీదే? మొగుడు పోయి ఉన్నాది. ఆయన మొకం పటంలోనైనా నేకుండా సేసింది నువ్వే అని ఆవిడికి సెప్పాలా? సెప్తే బతుకుద్దా మా అమ్మ? కొడుకు మీద కోపమైతే తినీసి తిరగొచ్చు. తన మీద కోపమైతే ముద్ద దిగదు. తెలీకుండా పోనాది, నాకదే సాలు."

నా కోడలు తల తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. చిన్నాన్న కెమెరా దగ్గరికి లాక్కున్నాడు. బల్ల సొరుగులోంచి పట్టకారు తీశాడు. "కోడలు పిల్లా, ఆ దూది ఇలా ఇయ్యి. బాగానే తుడిసినావు. రేకుల సందుల్లో ఇంకా ఉన్నాది." లైటర్లలో పోసే పెట్రోలు చుక్క చుక్క వేస్తూ, మీట నొక్కుతూ, తుడుస్తూ, మళ్ళీ నొక్కుతూ పని మొదలుపెట్టాడు. రేకులు మొదట సగం తెరుచుకుని ఆగిపోయేవి. దూది ఎర్రబడేది.

"అన్నయ్య మంచోడేనే" అన్నాడు పని ఆపకుండా. "మాటాడకపోయినా, పండగ పండక్కీ లారీ మీద నూనె డబ్బా పంపీవోడు. ఎవురూ ఏటీ అని పేరుండీది కాదు. మన గానుగ నూనె నాకు తెలీదేటి?"

నాన్నా? ఈయన పేరెత్తితే కంచం ముందు నుంచి లేచిపోయిన మనిషి నూనె పంపడమా? ఆ డబ్బా ఎవరు నింపేవారో నాకు తెలుసు. మామ్మ. పండగ ముందు గుమాస్తాని పిలిచి, రామతీర్థం గుళ్ళో దీపాలకి అని చెప్పి లారీ ఎక్కించేది. "మామ్మా, రామతీర్థం అటు కదా, లారీ సాలూరేపు పోతుందేం?" అని నేనొకసారి అడిగితే నెత్తిన మొట్టికాయ పడింది.

చెప్పాలా వద్దా? ఎవరి కోసం ఈయన ఇల్లు వదిలాడో ఆవిడకి అంతా తెలుసని ఈ వయసులో చెప్పాలా? నేను ఆలోచిస్తూనే ఉన్నాను. ఇంతలో ఆయనే అడిగాడు.

"మన కొట్టు షట్టరు ఇంకా అలాగే కీసుమంటాదా?"

ఇక నా నోరు ఆగలేదు. "దానికి మామ్మ నూనె పెట్టనివ్వలేదు సిన్నాన్నా. నువ్వెళ్ళిపోయిన కొన్నాళ్ళకి నాన్న షట్టరు ఎత్తుతూ, నూనె పెట్టించమన్నాను కదమ్మా, పెట్టించలేదా అని అరిచాడు. మామ్మ చేటలో నువ్వులు చెరుగుతోంది. 'ఏ షట్టరు?' అంది. 'ఇంకే షట్టరు, కొట్టుకి పెట్టించిన షట్టరే' అన్నాడు నాన్న. చేట చేతిలోంచి జారిపోయింది. వాకిలంతా నువ్వులు. మామ్మ వాటిని ఎత్తలేదు. వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది, పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. తాత మీద బెంగ అనుకున్నాం. తర్వాత గుమాస్తా నూనె పట్టుకొస్తే లేచి అడ్డం పడింది. 'ఒద్దు. అరవనీ దాన్ని' అంది. ఆ నూనె డబ్బాలు పంపింది నాన్న కాదు, మామ్మ."

చిన్నాన్న చేతిలో పట్టకారు ఆగిపోయింది. నా మొహంలోకి చూశాడు, కెమెరా వైపు చూశాడు, మళ్ళీ నా మొహంలోకి చూశాడు.

"తెలుసా?" అన్నాడు. "అమ్మకి తెలుసా?"

"తెలుసు."

"ఓలమ్మో" అని గుండె మీద చెయ్యేసుకున్నాడు. మేం భయపడి లేచాం. ఆయన చెయ్యి ఊపి మమ్మల్ని కూర్చోమన్నాడు. ముసలి మొహం చిన్నపిల్లాడిలా ముడుచుకుపోయింది. "తెలిసి కూడానా! ఓపాలి రారా అంటే రానేటే నాను? అంత దూరమేటి సాలూరు? లారీ ఎక్కితే మద్దేన్నం బువ్వకి అందుకుందును కదే!"

ఆవిడకి నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని పిలుస్తుంది? ఆవిడని కాపాడ్డానికి ఈయన మాట్లాడలేదు, ఈయన్ని చూసే ధైర్యం లేక ఆవిడ మాట్లాడలేదు, మధ్యలో ఆ ఇనప షట్టరు ఒక్కటే రోజూ అరుస్తూ వచ్చింది. మేమేమో నవ్వుకున్నాం.

ఆయన ముక్కు చీదుకుని పని పూర్తిచేశాడు. ఇరుసుకి గడియారం నూనె తాకించి, పొడి దూదితో అద్ది, మీట నొక్కాడు. టిక్కుమంది. తాత వాకిట్లో కూర్చున్న నాటి మొదటి టిక్కు లాగే వినపడి నేను ఉలిక్కిపడ్డాను. కెమెరా నా కోడలి చేతిలో పెట్టి, "నన్నో పాలి బొబ్బిలి తీసుకెల్తారేటి?" అన్నాడు.

సాయంత్రానికి బొబ్బిలి చేరాం. ఇంటి పెంకు సగం దింపేశారు. కొట్టు ముందు మాత్రం ఇంకా నిలబడి ఉంది, షట్టరు సగం దిగి. మా తమ్ముడు పరుగెత్తుకొచ్చి చిన్నాన్న కాళ్ళకి దణ్ణం పెట్టాడు. చిన్నాన్న లోపలికి రాలేదు. షట్టరు అంచు పట్టుకుని పైకి ఎత్తాడు. కీసుమని అరిచింది. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన కళ్ళు మూసుకుని అది అరిచినంతసేపూ విన్నాడు.

"నూనె ఉన్నాదేట్రా?" అన్నాడు.

"కొట్టు ఖాళీ చేసేశాం చిన్నాన్నా. సీసాలో దీపానికి కాస్త ఉంది. దీన్ని రేపో మాపో పీకీసి పాత ఇనుముకి ఇచ్చేస్తాం కదా, ఇప్పుడు నూనెందుకు?"

చిన్నాన్న సీసా అందుకుని, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. ఎత్తు అందకపోతే నా కోడలు స్టూలు తెచ్చి వేసి పట్టుకుంది. షట్టరు దిగే గాడిలో నూనె వంచుతూ ఆయన అన్నాడు:

"అమ్మకి సెప్పిన పని రా. మిగిలిపోనాది."

రెండో గాడిలో కూడా వంచాడు. నూనె కిందిదాకా జారేవరకు ఆగి, దిగి వచ్చి, మళ్ళీ ఆ అంచు పట్టుకుని లాగాడు. షట్టరు చప్పుడు లేకుండా దిగింది. నేను పక్కనే ఉండి కూడా అది నేలకి తాకిందని చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.